హౌరా బెర్తు: అసలు లెక్క, పాతబడిన నకళ్లు

రైల్లో బెర్తు ఒక్కటే ఉంటుంది. దాని లెక్క మాత్రం చాలాచోట్ల ఉంటుంది. హౌరాలో బయల్దేరే బండిలో ఫలానా బెర్తు ఖాళీగా ఉందో లేదో కౌంటరులోని బుకింగ్ క్లర్కుకు తెలియాలి, విశాఖపట్నంలో ఎక్కాల్సినవారికి తెలియాలి, బోగీల్లో తిరిగే టీటీఈకి తెలియాలి. ఇప్పుడైతే ఫోను చేతిలో ఉన్న ప్రతివారికీ తెలియాలి. ఇంతమందీ ప్రతిసారీ అసలు లెక్క ఉన్నచోటికే వెళ్లి అడగడం కుదిరే పని కాదు కాబట్టి నకళ్లు పుడతాయి. ఇలా దగ్గర పెట్టుకున్న నకలునే కంప్యూటర్ రంగంలో క్యాష్ అంటారు. అసలు మారినప్పుడల్లా నకలు కూడా తనంతట తాను మారాలి. మారలేదంటే లేని బెర్తు ఉన్నట్టూ, ఉన్న బెర్తు లేనట్టూ కనిపిస్తుంది. పెద్ద సంస్థల్లో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకదానితో కలిపి నడిపేవారికి నిత్యం ఎదురయ్యే తంటా ఇదే. కోల్‌కతా రైల్వే ఆఫీసుల్లో ఈ తంటా కంప్యూటర్ల కంటే చాలా ముందునుంచీ ఉంది. కోటా, తంతి, చార్టు అనేవన్నీ దానికి ఆయా కాలాల్లో వెతుక్కున్న మందులే.

ఈ నగరంలో రైల్వేను ముందుగా ఇబ్బంది పెట్టింది బెర్తు లెక్క కాదు, టైము. ఈస్టిండియన్ రైల్వే 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి మొదటి ప్రయాణికుల బండి నడిపింది. అప్పటికి దేశంలో ఏ ఊరి టైము ఆ ఊరిదే. కలకత్తా గడియారం గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాల 20 సెకన్లు ముందుండేది. మద్రాసుది దానికంటే సుమారు 32 నిమిషాలు వెనక. రైళ్లు దేశం పొడవునా తిరగడం మొదలయ్యాక ఏదో ఒక ఊరి టైమును పట్టుకోక తప్పలేదు. రెండు కొసల్లో ఉన్న కలకత్తా, బొంబాయిలకు నడుమ మద్రాసు టైము అనువుగా కనిపించింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి తంతి తీగల మీద రోజూ సంకేతం వచ్చేది, స్టేషన్లు దాన్ని చూసి గడియారాలు దిద్దుకునేవి. దాంతో హౌరాలో బండి ఎక్కేవారు ఊరి గడియారం ఒకటి, రైలు గడియారం ఇంకొకటి లెక్కేసుకోవలసి వచ్చింది.

1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. కలకత్తా మాత్రం తన టైమును ఓ పట్టాన వదల్లేదు. దేశమంతా ఒక టైములో నడుస్తుంటే ఈ నగరం 23 నిమిషాల 20 సెకన్లు ముందున్న సొంత టైమును 1948 దాకా పట్టుకునే ఉంది. పట్టుదల ముచ్చటగానే ఉంటుంది గాని, రైలు అందుకోవలసినవారికి అది ముచ్చట కాదు. రైల్వే మాత్రం ఈ విషయంలో ఎక్కడా సందు ఇవ్వలేదు. ప్రభుత్వం నిర్ణయించిన ప్రామాణిక కాలాన్ని రోజూ 16.00 గంటలకు ప్రధాన స్టేషన్లన్నిటికీ అందజేయాలని భారతీయ రైల్వే జనరల్ రూల్స్‌లోనే రాసి ఉంది. స్టేషన్ మాస్టరుకు అనుమానం వచ్చినా రాకపోయినా, గడియారం సరిగ్గా నడుస్తున్నా నడవకపోయినా, నాలుగు గంటలకు సంకేతం వెళ్తుంది, దిద్దుబాటు జరుగుతుంది. నకలును ఎవరూ అడగకుండానే వేళ పెట్టుకుని తాజా చేసే పద్ధతి ఇది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో టైమర్ పెట్టి చేసే రిఫ్రెష్‌కూ దీనికీ మూలసూత్రంలో తేడా లేదు. గడియారానికి ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. రోజుకొక్కసారి దిద్దితే ఇరవై నాలుగు గంటల్లో అది తప్పేది కొద్ది సెకన్లో, మహా అయితే ఒకటి రెండు నిమిషాలో. బెర్తు లెక్క అలా కాదు, ఒక్క క్షణంలో తారుమారవుతుంది.

తెలుగువారికి ఈ కథలోకి దారి బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్). 1887లో ఏర్పడిన ఆ కంపెనీ 1900 నాటికి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరింది. గోదావరి మీద రాజమండ్రి దగ్గర కట్టిన వంతెన కూడా అదే ఏడు రైళ్లకు తెరుచుకుంది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తూర్పు తీరపు లైను బీఎన్ఆర్ చేతికి వచ్చింది. ఆ లైను వెంటే ఉత్తరాంధ్ర నుంచి జనం ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు పనికి వెళ్లారు. ఆ ఊరు తెలుగు మాట గట్టిగా వినిపించే రైల్వే పట్టణంగా ఎదిగింది. హౌరా-మద్రాసు మెయిలు, 1977లో మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్, 1993లో సికింద్రాబాద్‌కు వేసిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్, ఇవన్నీ తెలుగు జిల్లాలను కలకత్తాతో ముడివేసిన బండ్లు. పనికి వెళ్లేవారు, పండక్కి వచ్చేవారు, హౌరాలో బండి మారి కాశీకీ గయకూ సాగే యాత్రికులు ఇదే దారిన నడిచారు. 1955లో ఆగ్నేయ రైల్వేగా మారిన ఈ వ్యవస్థకు ముఖ్య కార్యాలయం గార్డెన్ రీచ్‌లో, కలకత్తా నడిబొడ్డున బుకింగ్ కోయలాఘాట్‌లో. తూర్పు రైల్వేది దాని దాపునే ఉన్న ఫెయిర్లీ ప్లేస్.

కంప్యూటర్ రాకముందు అసలు లెక్క ఉన్నది రిజిస్టరులో. ఒక్కో బండికి, ఒక్కో తేదీకి, ఒక్కో తరగతికి విడివిడిగా పుటలు. పుటలో బెర్తు నంబర్లు వరసగా, వాటి ఎదురుగా ప్రయాణికుడి పేరు, దిగే స్టేషను, టికెట్ నంబరు. పేరు రాశారంటే బెర్తు పోయినట్టే. టికెట్ రద్దయితే ఆ పేరు కొట్టేసి పక్కనే వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఎక్కిస్తారు. ఒక రిజిస్టరు ఒకరి ముందే ఉండగలదు కాబట్టి ఒక బండి రిజర్వేషన్ ఒకే కౌంటరులో జరగాలి. మెయిలుకు ఒక వరస, ఎక్స్‌ప్రెస్‌కు ఇంకో వరస. మెయిలు వరసలో గంటసేపు నిలబడ్డాక బెర్తు లేదంటే ఎక్స్‌ప్రెస్ వరసలో మళ్లీ మొదటినుంచి నిలబడాలి. మనిషికి ఇది నరకమే గాని లెక్కకు మాత్రం స్వర్గం. నకలు లేదు, కాబట్టి నకలు పాతబడడమన్న మాటే లేదు.

చిక్కు ఊరు దాటితే మొదలవుతుంది. విజయవాడ నుంచి హౌరా వెళ్లి వారం తర్వాత తిరిగి రావలసినవారికి తిరుగు బెర్తు కావాలంటే రిజిస్టరు హౌరా వైపు ఉంటుంది. విజయవాడ క్లర్కు కోరిక రాసుకుని తంతి పంపాలి. అక్కడ ఆ తంతిని రిజిస్టరు దగ్గరికి చేర్చాలి, క్లర్కు పుట తీసి చూడాలి, దొరికితే పేరు రాయాలి, సంగతి తంతిలోనే తిరిగి చెప్పాలి. తంతి సౌకర్యం దేశంలో ముందుగా పుట్టిందే కలకత్తాలో. విలియం ఓషానెసీ 1839లో ఇక్కడే ప్రయోగాలు చేశాడు, 1851 నాటికి కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కు లైను నడిచింది. తీగ మీద వార్త క్షణాల్లో పోతుంది. ఆలస్యమంతా తీగకు ఆ కొసా ఈ కొసా ఉన్న బల్లల మీద. జవాబు రాకపోతే దాని అర్థమేమిటో చెప్పడం కష్టం. తంతి చేరలేదా, చేరినా రిజిస్టరు దాకా రాలేదా, పేరు రాశారు గాని తిరుగు తంతి పోలేదా, లేక బెర్తే లేదా? ఈ నాలుగూ విజయవాడ కౌంటరు దగ్గర ఒకే రకంగా కనిపిస్తాయి, అంటే ఏమీ కనిపించవు. నేటికీ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు పంపిన రిఫ్రెష్ సందేశం తప్పిపోయినప్పుడు వెతికేవారు సరిగ్గా ఈ నాలుగు మెట్లే దిగాలి. పంపారా, చేరిందా, చదివారా, రాశారా. మెట్టు దాటేసి నేరుగా చివరి మెట్టు మీద అనుమానపడేవారికి పని రెట్టింపవుతుంది.

ఈ తంతుల బెడద తగ్గించడానికే కోటా ఉండేది. బండిలోని బెర్తులన్నీ ఒకే రిజిస్టరులో పెట్టకుండా, ఇన్ని హౌరాకు, ఇన్ని ఖరగ్‌పూర్‌కు, ఇన్ని వాల్తేరుకు, ఇన్ని విజయవాడకు అని ముందే పంచేస్తారు. ఎవరి వాటా వారు ఎవర్నీ అడక్కుండా అమ్ముకోవచ్చు. కోటా అంటే పలుకుబడి ఉన్నవారికి దాచిపెట్టిన బెర్తులని జనంలో ఒక అపోహ ఉంది. అలాంటి కోటాలు లేవని కాదు గాని, స్టేషను కోటా పుట్టుక వేరు. అది సమాచారం నెమ్మదిగా నడిచే రోజుల్లో తప్పు జరగకుండా చేసిన ఏర్పాటు, అదీ చాలా తెలివైన ఏర్పాటు. ఒక్క అసలును పది నకళ్లు చేస్తే పదీ ఒకదానికొకటి సరిపోవాలన్న బాధ వస్తుంది. అదే అసలును పది ముక్కలు చేసి పంచితే ప్రతి ముక్కా అసలే అవుతుంది. ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోయే ప్రమాదం ఉండదు. దీనికి చెల్లించే మూల్యం వేరే రకం. వాల్తేరు వాటాలో ఆరు బెర్తులు ఖాళీగా ఉండగానే హౌరాలో అరవై మంది వెయిటింగ్ లిస్టులో ఉంటారు. నేటికీ టికెట్ మీద కనిపించే జీఎన్‌డబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అనే వెయిటింగ్ లిస్టు రకాలు ఈ పంపకానికి వారసులే. మొదటిది బండి బయల్దేరే స్టేషను వాటా, రెండోది నడుమ ఉన్న పెద్ద స్టేషన్లది, మూడోది కొన్ని చిన్న స్టేషన్లకు ఉమ్మడిగా ఇచ్చినది.

పంచినదాన్ని మళ్లీ కలిపే ఘట్టం చార్టు. బండి బయల్దేరడానికి ముందు వాటాల్లో మిగిలిన బెర్తులన్నీ పోగుచేసి వెయిటింగ్ లిస్టుకు సర్దుతారు. ఆపైన లెక్క కాగితం మీదికి దిగుతుంది. అక్కడితో రిజర్వేషన్ ఆఫీసు పని అయిపోతుంది, బెర్తుల మీద పెత్తనం టీటీఈకి పోతుంది. ఫలానా వేళ తర్వాత పాత నకలును నమ్మకూడదన్న నియమం కూడా ఇందులోనే ఇమిడి ఉంది. చార్టు తయారయ్యాక కౌంటరు రిజిస్టరు చూసి ఎవరికీ ఏమీ చెప్పకూడదు.

ఇదే తంటా విమానాలకూ వచ్చింది. ఒక్కో సీటుకూ కేంద్ర కార్యాలయాన్ని అడగడం భారమయ్యాక అమెరికాలో విమాన కంపెనీలు పద్ధతి మార్చాయి. విమానంలో సీట్లు బాగా ఉన్నంతకాలం ఏజెంట్లు అడక్కుండా అమ్మి తర్వాత తెలియజేస్తారు, నిండబోతున్నప్పుడు అమ్మకం ఆపమని కేంద్రం అందరికీ కబురు పెడుతుంది. ఆ కబురు చేరేలోపు అమ్ముడుపోయేవాటి కోసం కొన్ని సీట్లు అట్టే పెడతారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1946లో బోస్టన్‌లో రిజర్వైజర్ అనే విద్యుత్ యంత్రాన్ని పెట్టింది, 1960లలో ఐబీఎంతో కలిసి సేబర్ కంప్యూటర్ వ్యవస్థను తెచ్చింది. నకలు కొంత పాతబడినా ఫరవాలేదు, పాతబడే మేరకు సందు ఉంచుకుంటే చాలన్నది వారి ఆలోచన. హౌరా మెయిలుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ బెర్తులు నిండబోవడం ఉండదు, రిజర్వేషన్ తెరిచిన కాసేపటికే నిండిపోతాయి.

కలకత్తా దేశానికి కంప్యూటర్ల పుట్టిల్లు. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1950ల నడుమ బ్రిటన్ నుంచి హెచ్ఈసీ-2ఎం అనే యంత్రం తెప్పించింది. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. 1966లో ఆ సంస్థా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమూ కలిసి ఐఎస్ఐజేయూ-1 అనే కంప్యూటర్‌ను ఇక్కడే తయారుచేశాయి. అదే దశాబ్దంలో జీవిత బీమా సంస్థ కలకత్తా ఇలాకో హౌస్‌లో కంప్యూటర్ పెట్టబోతే, ఉద్యోగాలు పోతాయని సంఘాలు ఆ భవనం చుట్టూ కాపలా కాసి అడ్డుకున్నాయి. మొదటి కంప్యూటర్ వచ్చిన ఊళ్లోనే కంప్యూటర్‌కు గట్టి ఎదురుదెబ్బ తగలడం చిత్రమే. రైల్వేలో కంప్యూటర్లు చాలాకాలం జీతాల లెక్కకూ, స్టోర్సు లెక్కకూ పరిమితమయ్యాయి. బెర్తు లెక్క రిజిస్టరులోనే ఉండిపోయింది.

అది 1985లో కదిలింది. సీఎంసీ లిమిటెడ్ తయారుచేసిన ఇంప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఢిల్లీలో రిజర్వేషన్ కంప్యూటర్ మీదికి వచ్చింది. 1987లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, 1989లో సికింద్రాబాద్ చేరాయి. ఏ కౌంటరులోనైనా ఏ బండికైనా టికెట్ దొరకడం మొదలైంది. రిజిస్టరు ఎవరి ముందు ఉందన్న ప్రశ్నే పోయింది. ఊరి లోపలి వరకు ఇది పెద్ద విజయం. ఊళ్ల నడుమ మాత్రం పాత చిక్కే కొత్త యంత్రాల మీద కూర్చుంది. అయిదు నగరాల్లో అయిదు కంప్యూటర్లు, ఎవరి బండ్ల లెక్క వారి దగ్గర. కలకత్తా కంప్యూటర్‌లో ఉన్న బెర్తు సంగతి సికింద్రాబాద్ కంప్యూటర్‌కు తెలియదు. 1993లో ఫలక్‌నుమా మొదలైనప్పుడు కూడా పరిస్థితి ఇదే. హౌరా వెళ్లే దారికీ తిరిగొచ్చే దారికీ లెక్కలు రెండు వేరువేరు ఊళ్లలో ఉన్నాయి.

ఈ అయిదు దీవులనూ కలిపే పని రైల్వే సొంత సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ చేపట్టింది. అది 1986లో ఏర్పడింది. దాని సాఫ్ట్‌వేర్ పేరు కాన్సర్ట్. మొదట అమలైంది 1994 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లో. అయిదు కేంద్రాలూ ఒకే వలలోకి వచ్చింది 1999 ఏప్రిల్ 18న. ఇక్కడ డిజైనర్లు తీసుకున్న నిర్ణయం ఆసక్తికరం. అయిదు చోట్లా అన్ని బండ్ల లెక్కకూ నకళ్లు పెట్టి వాటిని నిరంతరం తాజా చేస్తూ ఉండవచ్చు. వారు ఆ దారి పట్టలేదు. ఏ బండి లెక్క ఏ కేంద్రానిదో అక్కడే ఉంచారు. సికింద్రాబాద్ కౌంటరులో హౌరా బెర్తు అడిగితే ఆ కోరిక నేరుగా కలకత్తా కంప్యూటర్‌కు పోతుంది, అక్కడే బెర్తు కేటాయింపు జరిగి జవాబు తిరిగొస్తుంది. కోరికలను తగిన చోటికి చేర్చడానికీ, దారిలో లైను తెగినా ఒకే కోరిక రెండుసార్లు నమోదు కాకుండా చూడడానికీ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ వాడారు. పాత తంతి పద్ధతినే తీసుకుని, బల్లల మీది ఆలస్యాన్ని తీసేసి, జవాబు రాకపోతే అర్థమేమిటన్న సందేహానికి కచ్చితమైన సమాధానం కట్టబెట్టారన్నమాట. లైను తెగితే టికెట్ దొరకదు, అదొక్కటే లోటు. ఒకే బెర్తును రెండు ఊళ్లు అమ్ముకోవడం కంటే కాసేపు ఎవరూ అమ్మలేకపోవడం మేలని ఎంచుకున్నారు. అప్పటి కౌంటర్ల సంఖ్యకు, అప్పటి రద్దీకి ఆ ఎంపిక సరైనదే.

కౌంటరు దగ్గర క్లర్కు ఉన్నంతకాలం అడిగేవారి సంఖ్యకు హద్దు ఉంది. ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టాక ఆ హద్దు చెరిగిపోయింది. కౌంటరులో మనిషి ఒక బండి, ఒక తేదీ చెప్పి టికెట్ కొంటాడు. ఇంట్లో కూర్చున్న మనిషి నాలుగు బండ్లు, మూడు తేదీలు, రెండు తరగతులు తిరగేసి, ఇంట్లోవారిని అడిగి, మళ్లీ చూసి ఒక టికెట్ కొంటాడు, లేదా కొనడు. టికెట్ల కంటే విచారణలు ఎన్నో రెట్లు పెరిగాయి. ప్రతి విచారణా కలకత్తా, ఢిల్లీ కేంద్రాల అసలు లెక్క మీద పడితే అవి తట్టుకోలేవు. 2014 ఏప్రిల్ 28న వచ్చిన కొత్త తరం ఇ-టికెట్ వ్యవస్థ నిమిషానికి 7,200 టికెట్లు ఇవ్వగలిగేలా తయారైంది. పాతదాని శక్తి 2,000. కొత్తదాంట్లో డేటాను డిస్కు నుంచి ప్రతిసారీ తీయకుండా చాలా సర్వర్ల మెమరీలో పరచి ఉంచే పద్ధతి వాడారు. అంటే క్యాష్. కాన్సర్ట్ రూపకర్తలు కావాలని దూరం పెట్టిన నకలు, ఇంటర్నెట్ తాకిడికి ముందు వాకిట్లోంచి వచ్చి కూర్చుంది.

అప్పటినుంచి ప్రయాణికుడికి తెలిసిన తంటా ఇది. తెర మీద మూడు బెర్తులు ఖాళీ అని ఉంటుంది. పేర్లు, వయసులు కొట్టి డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు 5 అని టికెట్ వస్తుంది. చాలామంది దీన్ని మోసం అనుకుంటారు. చాలాసార్లు అది మామూలు కాలవ్యవధి మాత్రమే. తెర మీదిది కొద్దిసేపటి క్రితం నకలు, డబ్బు కట్టాక చూసింది అసలు. విచారణకు నకలు, కేటాయింపుకు అసలు అన్న ఈ విభజన ఉన్నంతవరకు నష్టం చిరాకుతో ఆగుతుంది, డబుల్ బుకింగ్ దాకా పోదు. నకలు మరీ పాతబడి, గంటలు గడిచినా మారకపోతే మాత్రం రిఫ్రెష్ చెడిందని అర్థం. ఇలాంటి వ్యవస్థలన్నిటిలో అప్పుడు వెతకవలసిన చోట్లు దాదాపు ఒకటే. హౌరా బండ్ల లెక్కతో చూస్తే అవి తేలిగ్గా అర్థమవుతాయి.

అన్నిటికంటే ఎక్కువగా దొరికే దొంగ, నకలుకు పెట్టిన పేరే. నకలులో ఒక్కో లెక్కనూ ఒక పేరు కింద దాస్తారు. బండి నంబరు, తేదీ, తరగతి, స్టేషన్ల కోడ్లు కలిపితే ఆ పేరు. అసలులో మార్పు వచ్చినప్పుడు అదే పేరుతో కబురు రావాలి. 2010 డిసెంబరులో దేశమంతా నాలుగంకెల బండి నంబర్లు అయిదంకెలయ్యాయి. కోరమాండల్ 2841 కాస్తా 12841 అయింది, ఫలక్‌నుమా 2703 కాస్తా 12703 అయింది. 2018లో హౌరా-ఢిల్లీ దారిలోని మొగల్‌సరాయ్ పేరు పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌గా మారి, ఎంజీఎస్ అనే కోడ్ డీడీయూ అయింది. ఇలాంటి మార్పు వచ్చిన రోజు ఒక వ్యవస్థ కొత్త పేరుతో కబురు పంపి, ఇంకొకటి పాత పేరుతో దాచుకుని ఉంటే, రిఫ్రెష్ ప్రతిసారీ విజయవంతంగా జరిగినట్టు లాగ్‌లో ఉంటుంది, నకలు మాత్రం కదలదు. తేదీది ఇంకా సూక్ష్మమైన చిక్కు. హౌరా-చెన్నై మెయిలు రాత్రి బాగా పొద్దుపోయాక హౌరా వదిలి మర్నాడు విశాఖపట్నం చేరుతుంది. విశాఖలో ఎక్కేవారికి 15వ తేదీ ప్రయాణం, బెర్తు లెక్కలో ఆ బండి 14వ తేదీది. ఒక ప్రోగ్రాం ఎక్కే తేదీతో, ఇంకొకటి బండి బయల్దేరిన తేదీతో పేరు కడితే రెండూ వేర్వేరు రోజుల లెక్కలు చూస్తుంటాయి. హౌరాలో పరీక్షించినవారికి తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ రెండు తేదీలూ ఒకటే.

తర్వాత అనుమానించవలసింది రద్దీ. సాధారణ రిజర్వేషన్ ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. 1997 డిసెంబరులో మొదలైన తత్కాల్, 2015 జూన్ నుంచి ఏసీ తరగతులకు 10కి, మిగిలినవాటికి 11కి తెరుచుకుంటోంది. ఆ నిమిషంలో ఒక నకలు గడువు తీరిందనుకుంటే, దాన్ని అడిగిన వేలమంది ఒక్కసారిగా అసలు మీద పడతారు. అసలు నెమ్మదిస్తుంది, రిఫ్రెష్ ఆలస్యమవుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఇంకొందరు పడతారు. బయటినుంచి చూస్తే డేటాబేస్ కూలినట్టే ఉంటుంది గాని, జబ్బు నకలుది. ఒక్కరే వెళ్లి కొత్త లెక్క తెచ్చేలా, మిగతావారు ఆ ఒక్కరి కోసం ఆగేలా చేయడం దీనికి మామూలు చికిత్స. తత్కాల్ వేళలను ఏసీకి, నాన్-ఏసీకి విడదీయడం కూడా కౌంటరుకు ఇవతల నుంచి అదే చికిత్స చేయడమే.

గడియారాల తేడా, సందేశాలు వరస తప్పి చేరడం, కొత్త లెక్క తెచ్చుకుంటున్న క్షణంలోనే అసలు మారిపోవడం లాంటివి తక్కువగా దొరుకుతాయి, దొరికినప్పుడు ఎక్కువ ఏడిపిస్తాయి. సర్వర్ల టైముల్లో కొన్ని నిమిషాలు తేడా ఉంటే గడువు తీరిన నకలును ఒకటి తాజాదనుకుంటుంది. రెండు టైముల మధ్య బతికిన కలకత్తాకు ఈ జబ్బు లక్షణాలు విడిగా చెప్పనక్కరలేదు. రోజుకొక వేళకు సంకేతం పంపాలన్న రైల్వే రూలు కూడా దీని మీద వేసిన టీకాయే.

అసలు లెక్కే అందకుండా పోతే ఏమవుతుందో 2021 మార్చి 8 సాయంత్రం తెలిసింది. స్ట్రాండ్ రోడ్డులోని న్యూ కోయలాఘాట్ భవనం 13వ అంతస్తులో నిప్పు అంటుకుంది. నలుగురు అగ్నిమాపక సిబ్బందితో సహా 9 మంది చనిపోయారు. తూర్పు, ఆగ్నేయ రైల్వేల ఆఫీసులున్న ఆ భవనంలోనే రిజర్వేషన్ సర్వర్లు ఉన్నాయి. కరెంటు ఆపక తప్పలేదు, దాంతో తూర్పు భారతంలో టికెట్ల బుకింగ్ నిలిచిపోయింది. బెర్తు లెక్క మేఘాల్లో ఎక్కడో ఉంటుందనుకునేవారికి, అది ఫలానా వీధిలో ఫలానా భవనంలో ఉందనీ, ఆ భవనానికి లిఫ్టు, కరెంటు మీటరు ఉన్నాయనీ ఆ రాత్రి అర్థమైంది. ఇలాంటప్పుడు నకలు ఏం చేయాలన్నది డిజైనరు ముందుగానే తేల్చుకోవలసిన ప్రశ్న. పాత లెక్కనే చూపిస్తూ పోతే విచారణ నడుస్తుంది, కాని అబద్ధం చెబుతుంది. లెక్క అందడం లేదని ఒప్పుకుంటే జనం తిడతారు. ఏదీ తేల్చకుండా వదిలేస్తే వ్యవస్థ తనంతట తాను మొదటిదాన్నే ఎంచుకుంటుంది.

చార్టు కూడా మారుతూ వచ్చింది. 2015 నవంబరు నుంచి రెండు చార్టులు. మొదటిది బండి బయల్దేరడానికి 4 గంటల ముందు, రెండోది అరగంట ముందు. నడిమి వేళలో మిగిలిన బెర్తులు కరెంట్ బుకింగ్‌కు వెళ్తాయి. 2025లో మొదటి చార్టును 8 గంటల ముందుకు జరిపారు. బోగీ తలుపు పక్కన అతికించే కాగితపు చార్టును ముందుగా మానుకున్న కొద్ది స్టేషన్లలో హౌరా, సియాల్దా ఉన్నాయి. 2018 మార్చి నుంచి ఆ పద్ధతి దేశంలో పెద్ద స్టేషన్లన్నిటికీ పాకింది. ఇప్పుడు టీటీఈ చేతిలో కాగితానికి బదులు హ్యాండ్ హెల్డ్ టెర్మినల్ ఉంటోంది. రానివారి బెర్తును అందులో నొక్కితే అది బండిలోని ఆర్ఏసీ ప్రయాణికుడికో, ముందు స్టేషనులో వెయిటింగ్ లిస్టుకో పోతుంది. చార్టు ఒకప్పుడు లెక్కకు ముగింపు. ఇప్పుడది నడుస్తున్న బండిలోంచి అసలు లెక్కను తిరిగి దిద్దుతున్న మరో నకలు. నెట్‌వర్క్ దొరకని దారిలో టీటీఈ నొక్కినది సర్వర్‌కు చేరేదాకా రెండు లెక్కలూ వేరుగా ఉంటాయి.

రైల్వే మంత్రిత్వ శాఖ 2025లో రిజర్వేషన్ వ్యవస్థను తిరగరాస్తున్నట్టు ప్రకటించింది. నిమిషానికి 32,000 టికెట్ల శక్తిని 1.5 లక్షలకు, 4 లక్షల విచారణల శక్తిని 40 లక్షలకు పెంచాలన్నది లక్ష్యం. టికెట్లకు పెంచబోతున్నది అయిదు రెట్ల లోపు, విచారణలకు పది రెట్లు. ఒక టికెట్‌కు పన్నెండు పదమూడు విచారణలన్న పాత నిష్పత్తి ఇరవై ఆరు దాటుతుందని రైల్వే అంచనా వేసుకున్నట్టు ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ ఇరవై ఆరింటిలో అసలు లెక్కను తాకవలసింది ఒక్కటే. మిగిలిన వాటికి జవాబు నకలులోంచే రావాలి.